నందాదేవి దారి ఎవరిది?

మన సాహిత్యంలో హిమాలయాన్ని చూడబోయిన సుప్రసిద్ధ యాత్రికుడు అక్కడికి నడిచి వెళ్ళలేదు. పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన లేపనాన్ని పాదాలకు రాసుకున్నాడు. మరుక్షణాన మంచుకొండ మీద వున్నాడు. దారిలో అతనికి మజిలీ లేదు, మూట లేదు, మూట మోసే మనిషీ లేడు. మంచునీటికి ఆ లేపనం కరిగిపోయిన తరువాతనే, ఇంటికి దారి ఏదో తెలియక తల్లడిల్లాడు. చదువుకునే రోజుల్లో ఈ కథలో నాకు వరూధిని గుర్తుండిపోయింది గాని, లేపనం మీద ధ్యాస నిలవలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, కొండలను గురించి మనం చదివే పుస్తకాలలో చాలా భాగం ఆ లేపనం పూసుకునే రాశారేమో అనిపిస్తుంది. వాటిలో శిఖరం వుంటుంది, శిఖరం ఎక్కిన మహానుభావుడు వుంటాడు. ఆయన తిన్న బియ్యమూ పడుకున్న గుడారమూ అంత ఎత్తుకు ఎలా చేరాయో మాత్రం వుండదు.

ఏనుగుల వీరాస్వామయ్య పద్ధతి వేరు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీలున్నాయి, దారుల మంచిచెడ్డలున్నాయి, పల్లకీ మోసిన బోయీలున్నారు. వీరాస్వామయ్యను మనం అభ్యుదయవాదిగా చిత్రించనక్కరలేదు. పల్లకీలో కూర్చున్నవాడు ఆయనే. కాని పల్లకీని మనుషులు మోస్తారన్న సంగతి ఆయన దాచలేదు. యాత్రాచరిత్రకు ఉండవలసిన కనీస నిజాయితీ అది.

ఈ వ్యాసంలో నేను ఒక్క కొండదారిని తీసుకుని ఆ నిజాయితీతో దాని చరిత్రను పరిశీలించదలచాను. ఆ దారి ఉత్తరాఖండ్ రాష్ట్రం చమోలీ జిల్లాలో, నందాదేవి జాతీయ ఉద్యానంలో వుంది. రోజుల తరబడి కొండల్లో నడిచి, గుడారాలలో రాత్రులు గడిపివచ్చే ట్రెక్కింగు ఈనాడు మన విద్యార్థులలోనూ ఉపాధ్యాయులలోనూ బాగా వ్యాపించింది. అదంతా తీరికవర్గపు వినోదమని కొట్టిపారేసే మిత్రులు కొందరున్నారు. అడవిలో అడుగుపెడితే రాజకీయాలు వెనకబడిపోతాయని మురిసిపోయే మిత్రులు మరికొందరున్నారు. ఈ రెండు అభిప్రాయాలూ ఒకే పొరపాటు నుంచి పుట్టాయి. కొండను మనుషులు లేని చోటుగా భావించడమే ఆ పొరపాటు.

కొన్నేళ్ళ క్రితం ఒక అక్టోబరులో మేము నలుగురం ఉపాధ్యాయులం, అటవీశాఖ అనుమతి కాగితం పుచ్చుకుని, లాతా గ్రామం నుంచి ఆ దారి పట్టాం. జోషీమఠ్ నుంచి నీతి కనుమకు పోయే రోడ్డు మీద, ధౌళీగంగ ఒడ్డున, పైకి ఎగబాకినట్టుండే పల్లె లాతా. ఊళ్ళో నందాదేవి గుడి వుంది. ఊరు దాటగానే దేవదారు అడవిలో నిలువెత్తు ఎక్కుడు. మొదటి రాత్రి మకాం అడవి అంచు దాటాక వచ్చే లాతా ఖరక్‌లో. ఖరక్ అంటే వేసవి పచ్చికబయలు. ఆ పైన గడ్డితప్ప మరేమీ మొలవని గట్లు. వాటిమీద పాదం పట్టేటంత బాట. నాలుగు వేల మీటర్లకు పైన ధరాన్సీ కనుమ. అవతల దిబ్రూఘేటా అనే చిన్న మైదానం. మామూలు యాత్రికుణ్ణి అంతకు మించి పోనివ్వరు. శిఖరం ఇంకా ఎంతో దూరాన వుంటుంది.

మొదటి రోజు నా సంచి నేనే మోశాను. రెండో రోజు మధ్యాహ్నానికి అది మాతో వచ్చిన లాతా మనిషి వీపు మీదికి మారింది. అప్పటికే ఆయన వీపున మా వంటసామానూ కిరసనాయిలూ వున్నాయి. ఆయనకు యాభై దాటి వుంటాయి. వద్దన్నాను, ఆయన వినలేదు. నిజం చెప్పాలంటే, ఆయన వినకూడదనే నేను కోరుకున్నాను. నా కాళ్ళకు ఖరీదయిన బూట్లు, ఆయన కాళ్ళకు గుడ్డబూట్లు. ఆయన నాకంటే ముందు కనుమ చేరి, నేను వచ్చేసరికి టీ నీళ్ళు మరిగిస్తున్నాడు.

ధరాన్సీలో గుడారం వేయడానికి చదును చూస్తుంటే, గడ్డిలో సగం కూరుకుపోయిన రాళ్ళ వరస ఒకటి కనిపించింది. గుండ్రంగా వుంది. పాతకాలపు కట్టడమేమో అనుకున్నాను.

"ఇదేమిటి, భాయ్‌సాబ్?" అని అడిగాను.

"మా దొడ్డి, మాస్టర్జీ. మా నాన్న గొర్రెలను ఇక్కడే నిలిపేవాడు. నేనూ చిన్నప్పుడు ఇక్కడ పడుకున్నాను."

"ఇప్పుడు తోలుకు రారా?"

"ఇప్పుడు మీరు రావచ్చు. మా గొర్రెలు రాకూడదు."

ఆయన ఈ మాట కోపంగా అనలేదు. పొయ్యిలో పుల్ల సర్దుతూ, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా అన్నాడు. ఆ రాత్రి నాకు చలివల్ల నిద్రపట్టలేదని మిత్రులతో చెప్పాను. అది సగం నిజం. నాకు ప్రవేశముండి, ఆయనకు అతిథికి దారి చూపేవాడిగా మాత్రమే ప్రవేశముండడం ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు కొండ చరిత్రలోనే వుంది.

నందాదేవి ఎత్తు 7,816 మీటర్లు. పూర్తిగా భారతదేశంలోనే వున్న శిఖరాలలో అదే అన్నిటికంటే ఎత్తయినది. దాని చుట్టూ సుమారు 110 కిలోమీటర్ల పొడవున ఎత్తయిన శిఖరాలు కోటగోడలా నిలిచివున్నాయి. ఆ గోడను పడమటి దిక్కున రిషిగంగ ఒక్కటే చీల్చుకుని బయటికి వస్తుంది. ఆ ఇరుకు గండిలో ఇరువైపులా రాతిగోడలు. అంచేత శిఖరం ఎక్కడం అటుంచి, దాని పాదం దగ్గరకు చేరడమే ఎంతోకాలం సాధ్యం కాలేదు. 1883లో డబ్ల్యు. డబ్ల్యు. గ్రాహం ప్రయత్నించి వెనుదిరిగాడు. 1905లో టామ్ లాంగ్‌స్టాఫ్ గోడమీదికెక్కి లోపలికి తొంగిచూశాడు. 1907లో ఆయనే 7,120 మీటర్ల త్రిశూల్ శిఖరం ఎక్కాడు. ఆయనతో శిఖరం మీద నిలబడినవారిలో కర్బీర్ అనే గూర్ఖా సైనికుడొకడు. 1934లో ఎరిక్ షిప్టన్, హెచ్. డబ్ల్యు. టిల్మన్ రిషిగంగ గండి గుండా లోపలికి దారి కనుక్కున్నారు. 1936 ఆగస్టు 29న టిల్మన్, ఓడెల్ శిఖరం చేరారు. 1950లో అన్నపూర్ణ ఎక్కేదాకా మానవుడు చేరిన అత్యున్నత శిఖరం అదే.

పుస్తకాలలో చరిత్ర ఇంతవరకే వుంటుంది. ఇప్పుడు మనం లేపనం కడిగి చూద్దాం.

మొదటి సంగతి: లాతా నుంచి ధరాన్సీ మీదుగా దిబ్రూఘేటా దాకా పోయే బాటను ఏ అన్వేషకుడూ కనిపెట్టలేదు. అది గొర్రెల కాపరుల బాట. లాంగ్‌స్టాఫ్, షిప్టన్, టిల్మన్ ఆ బాట మీదుగానే నడిచారు. వాళ్ళు నిజంగా కొత్తగా తెరిచింది దిబ్రూఘేటాకు అవతలి భాగం. అది గొప్ప పనే, కాదనను. కాని మిగిలిన సగం దారి వేసినవాళ్ళ పేర్లు ఏ పటంలోనూ లేవు.

రెండో సంగతి బరువులది. ఆంగ్లేయుల ఏలుబడిలో కుమావూ, గఢ్వాల్ కొండలలో కూలీ-బేగార్, కూలీ-ఉతార్ అనే పద్ధతులుండేవి. పర్యటనకు వచ్చే దొరకూ, వేటకు వచ్చే దొరకూ దారిలోని గ్రామస్థులు సామాను మోయాలి. ఉతార్ అయితే నామమాత్రపు కూలి, బేగార్ అయితే అదీ లేదు. ఎవరి వంతు ఎప్పుడో రాసివుంచే రిజిస్టర్లు గ్రామపెద్దల దగ్గర వుండేవి. వెట్టిచాకిరీ మీద తెలంగాణా రైతాంగం సాగించిన పోరాటాన్ని ఎరిగిన మన పాఠకునికి దీనిని విడమర్చి చెప్పనక్కరలేదు. 1921 జనవరిలో, మకర సంక్రాంతి తిరునాళ్ళకు బాగేశ్వర్‌లో చేరిన జనం బదరీదత్ పాండే నాయకత్వాన ఆ రిజిస్టర్లను సరయూ నదిలో పారవేశారు. ఆ దెబ్బతో పద్ధతి కూలింది. మరుసటి ఏడు, 1922లో, మన విశాఖ మన్యంలో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు లేచింది. ఘాట్‌రోడ్డు పనిలో గిరిజనులచేత బలవంతాన చాకిరీ చేయించడం దాని కారణాలలో ఒకటి. దేశానికి ఆ కొసన ఒక కొండ, ఈ కొసన ఒక కొండ. రెండింటి మీదా తెల్లదొర దారి నల్లవాడి వీపు మీదుగానే సాగింది.

1934 యాత్ర ఈ చరిత్రలో కొంత మెరుగయిన ఘట్టం. షిప్టన్, టిల్మన్‌లు భారీ పరివారం పెట్టుకోలేదు. ఆంగ్ థార్కే, పసాంగ్, కుసాంగ్ అనే ముగ్గురు షెర్పాలతో కలిసి అదే తిండి తిని, అవే బరువులు పంచుకుని నడిచారు. షిప్టన్ తన పుస్తకంలో ఆ ముగ్గురినీ మనుషులుగా చిత్రించాడు. సామ్రాజ్యపు మనుషులైనంత మాత్రాన వాళ్ళను తీసిపారవేయడం చారిత్రక దృష్టి కాదు. అయితే ఆ యాత్రకు పేరు ఎవరిది పడింది? ఐదుగురు కలిసి తెరిచిన దారి ఇద్దరి దారి అయింది. 1936 యాత్రలో షెర్పాలు చాలామంది జబ్బుపడితే పై మకాములకు దొరలే బరువులు మోసుకోవలసి వచ్చింది. కీతార్ అనే షెర్పా బేస్ క్యాంపులోనే చనిపోయాడు. శిఖరం తేదీ అందరికీ తెలుసు. కీతార్ సంగతి ఎందరికి తెలుసు?

మూడో సంగతి ఈ లోయ ప్రజల బ్రతుకుతెరువు. లాతా, రేణీ, తోల్మా మొదలైన గ్రామాలవారు తోల్ఛాలు. నీతి కనుమ దగ్గరి పై గ్రామాలవారు మార్ఛాలు. ఇద్దరినీ కలిపి బోటియాలంటారు. తరతరాలుగా గొర్రెల మీదా మేకల మీదా ధాన్యం వేసుకుని టిబెట్టుకు పోయి, ఉప్పూ ఉన్నీ తెచ్చుకునే వర్తకం ఈ లోయకు ప్రాణం. 1962 యుద్ధంతో ఆ కనుమ మూతపడింది. ఒక్క ఏడాదిలో ఒక జనసముదాయపు ఆర్థిక జీవనం కుప్పకూలింది. తరువాత సైన్యం కోసం రోడ్లు వచ్చాయి. ఆ రోడ్ల మీద కలప కంట్రాక్టర్లు వచ్చారు. వర్తకం పోయినవాళ్ళకు మిగిలినవి గొర్రెలు, కాసింత సేద్యం, పర్వతారోహకుల బరువులు మోసే కూలి. ఒకనాటి వర్తకుడు ఈ విధంగా కూలీగా మారాడు. షెర్పాను గురించో బోటియాను గురించో "పుట్టుకతోనే బరువులు మోసే జాతి" అని రాసేవాళ్ళు ఈ పరిణామాన్ని చూడరు. పుట్టుకతో ఎవడూ కూలీ కాడు; చరిత్ర అతణ్ణి కూలీని చేస్తుంది.

ఆ కూలీల వీపు మీద ఏమేమి ఎక్కాయో చూడండి. 1964 అక్టోబరులో చైనా తొలి అణుపరీక్ష జరిపింది. మరుసటి ఏడు అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ., మన ఇంటెలిజెన్స్ బ్యూరో కలిసి, చైనా క్షిపణి పరీక్షలను కనిపెట్టేందుకు నందాదేవి మీద ఒక యంత్రాన్ని నిలపాలనుకున్నాయి. దానికి విద్యుత్తునిచ్చేది ప్లుటోనియం. 1965 అక్టోబరులో వాతావరణం చెడిపోగా, యంత్రాన్ని పై మకాంలో కట్టివుంచి దిగిపోయారు. 1966లో వెళ్ళి చూస్తే అది లేదు. ఈనాటికీ దొరకలేదు. ప్లుటోనియం పెట్టె వెచ్చగా వుండేదని, చలిలో దాన్ని మోయడానికి కూలీలు పోటీపడేవారని యాత్రకు సంబంధించినవారే తరువాత చెప్పారు. అందులో ఏముందో ఆ మోసేవాళ్ళకు ఎవరు చెప్పారు? దేశ ప్రజలకే 1978లో, ఒక అమెరికన్ పత్రిక బయటపెట్టిన తరువాత, మొరార్జీ దేశాయి పార్లమెంటులో చేసిన ప్రకటన ద్వారా తెలిసింది. గంగానది ఎగువ జలాలలో ప్లుటోనియాన్ని పోగొట్టుకున్న ప్రభుత్వాలే, తరువాతి కాలంలో, కొండకు గొర్రెలవల్ల ప్రమాదమని నిర్ణయించాయి.

1974 సంవత్సరం ఈ కథకు కీలకం. ఆ ఏడే విదేశీ యాత్రికులకు ఈ ప్రాంతాన్ని తెరిచారు. ఆ ఏడే మార్చి 26న రేణీ అడవిలో చెట్లు నరకడానికి కంట్రాక్టరు మనుషులు వచ్చారు. సైన్యం తీసుకున్న భూములకు నష్టపరిహారం ఇస్తామంటే గ్రామంలోని మగవాళ్ళంతా చమోలీ వెళ్ళారు. ఊళ్ళో వున్నది స్త్రీలు. గౌరాదేవి ముందు నడవగా 27 మంది స్త్రీలు వెళ్ళి చెట్లకు అడ్డం నిలబడ్డారు. నరికేవాళ్ళు వెనక్కి పోయారు. చిప్కో ఉద్యమానికి ప్రపంచమంతటా పేరు తెచ్చిన ఘట్టం ఇదే. దాని వెనక చండీప్రసాద్ భట్ వంటి సర్వోదయ కార్యకర్తలు వున్నారు. జోషీమఠ్ ప్రాంతపు కమ్యూనిస్టు నాయకుడు గోవింద్ సింగ్ రావత్ కృషీ వుంది. ప్రభుత్వం నిపుణుల సంఘాన్ని వేసి, అలకనంద ఎగువ ప్రాంతంలో పదేళ్ళపాటు చెట్ల నరికివేతను ఆపవలసి వచ్చింది. గౌరాదేవి పుట్టిల్లు లాతా. అంటే మా నడక మొదలైన ఊరే. మేము దాటివచ్చిన దేవదారు అడవి నిలిచివుండడానికి కారణం ఆ తరం స్త్రీలు.

ఇక్కడ ఆగి ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. చిప్కోను ప్రకృతి ప్రేమికుల ఉద్యమంగా చిత్రించడం ఈనాడు ఒక ఫ్యాషనైంది. రేణీ స్త్రీలకు అడవి ఒక అందమైన దృశ్యం కాదు. అది వాళ్ళ వంటచెరకు, పశువుల మేత, కొండచరియ విరిగిపడకుండా ఆపే గోడ. వాళ్ళు కోరింది అడవి మీద గ్రామం హక్కు. ప్రభుత్వం ఆ కోరికను రెండు ముక్కలు చేసింది. అడవిని కాపాడాలన్న సగాన్ని తీసుకుంది. గ్రామానికి హక్కు కావాలన్న సగాన్ని వదిలేసింది. వదిలేసిన సగం ఫలితమే 1982.

ఆ ఏడు నందాదేవి లోపలి ప్రాంతం జాతీయ ఉద్యానమైంది. మొదట దానికి పెట్టిన పేరు సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానం. తరువాత నందాదేవి పేరు వచ్చింది. సుమారు 630 చదరపు కిలోమీటర్ల లోపలి భాగాన్ని పర్వతారోహకులకూ గొర్రెల కాపరులకూ ఒకేసారి మూసివేశారు. 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అదే ఏడు జీవావరణ రక్షిత ప్రాంతంగానూ ప్రకటించారు.

మూసివేతకు కారణాలు లేకపోలేదు. 1974 తరువాత వచ్చిన యాత్రాబృందాలు దారి పొడవునా డబ్బాలూ సీసాలూ పారవేశాయి. వంటచెరకు కోసం భూర్జవృక్షాలను, జూనిపర్ పొదలను నరికాయి. కస్తూరి మృగాన్ని దొంగవేటగాళ్ళు తరుముతున్నారు. 1993లో లోపలికి వెళ్ళిన సైనిక ఇంజనీర్ల బృందం అక్కడినుంచి సుమారు వెయ్యి కిలోల చెత్త మోసుకువచ్చింది. మూసివేత తరువాత మొక్కలు కోలుకున్నాయని శాస్త్రజ్ఞుల పరిశీలన. దీనిని మనం కాదనకూడదు. కొండకు విశ్రాంతి కావలసివుంది. కాని వెయ్యి కిలోల డబ్బాలూ సీసాలూ ఎవరివి? గొర్రెలు డబ్బా తిండి తినవు. కాపరికి ఆక్సిజన్ సీసా అక్కరలేదు. నేరం ఒకరిది, శిక్ష ఇద్దరికి. అందులోనూ పర్వతారోహకుడు మరో శిఖరం వెతుక్కున్నాడు. లాతా మనిషికి మరో లాతా లేదు. మేత పోయింది, మూలికలు పోయాయి, బరువులు మోసే కూలి సైతం పోయింది. 1962లో ఒక కనుమ మూసుకుపోయిన గ్రామాలకు 1982లో రెండో తలుపు మూసుకుంది. నల్లమలలో పులుల అభయారణ్యం పేర చెంచు గూడేలమీద పడిన ఒత్తిడి ఎరిగినవారికి ఈ కథ కొత్తగాదు.

సరిగ్గా ఇక్కడ నాకు మరో దేశపు కొండ గుర్తుకు వస్తుంది. ఇంగ్లండులో మాంచెస్టరు పక్కన కిండర్ స్కౌట్ అనే బంజరు గుట్ట వుంది. దానిని ధనికులు పక్షుల వేట కోసం కంచె వేసుకుని అట్టిపెట్టుకున్నారు. 1932 ఏప్రిల్ 24న, బెన్నీ రోత్‌మన్ అనే యువ కమ్యూనిస్టు నాయకత్వాన కొన్ని వందలమంది, ఎక్కువగా ఫ్యాక్టరీ పట్టణాల కార్మిక యువకులు, కాపలాదారులను తోసుకుని ఆ గుట్ట ఎక్కారు. ఐదుగురికి జైలుశిక్షలు పడ్డాయి. 1949లో బ్రిటన్‌లో జాతీయ ఉద్యానాల చట్టం వచ్చింది. 1951లో ఆ గుట్ట వున్న ప్రాంతమే ఆ దేశపు తొలి జాతీయ ఉద్యానమైంది. అక్కడ జాతీయ ఉద్యానమంటే, దొర వేటభూమిలోకి కార్మికుడికి దొరికిన దారి. మన దేశంలో ఏం జరిగిందో పోల్చి చూడండి. నందాదేవి ప్రాంతాన్ని 1939లో ఆంగ్ల ప్రభుత్వం వేటజంతువుల అభయారణ్యంగా ప్రకటించింది. ఆ గీతల మీదనే స్వతంత్ర భారత ప్రభుత్వం మరింత గట్టి గీతలు గీసింది. ఒకే పేరుగల సంస్థ ఒకచోట ద్వారం తెరిస్తే, మరోచోట మూసింది. సంస్థ పేరు కాదు, దాన్ని ఏ వర్గం ఎవరి మీద గెలుచుకుందన్నదే ముఖ్యం.

లాతా ప్రజలు కూడా తమ కిండర్‌ను తామే సృష్టించుకున్నారు. 1998లో ధన్ సింగ్ రాణా వంటి గ్రామనాయకుల ఆధ్వర్యాన "ఝప్టో ఛీనో" అనే ఉద్యమం లేచింది. పట్టి లాక్కోండి అని దాని అర్థం. నిషేధాన్ని లెక్కచేయక గ్రామస్థులు మూసివేసిన ప్రాంతంలోకి నడిచారు. వాళ్ళు రిషిగంగ గండిని జయించడానికి పోలేదు; తమ తండ్రుల దొడ్లున్న చోటికి పోయారు. 2001 అక్టోబరులో ఆ గ్రామాలవారు ఒక ప్రకటన చేశారు. కొండకు యాత్రికులు రావచ్చు. కాని ఆ రాకపోకలను నడిపేదీ ఫలితం పొందేదీ స్థానిక ప్రజలు కావాలి, బయటి కంపెనీలు కారాదు, ప్రకృతికి హాని జరగరాదు అన్నది దాని సారాంశం. 2003లో పరిమితంగా, కొద్దిమంది చొప్పున, యాత్రికులను దిబ్రూఘేటా దాకా అనుమతించారు. నా చేతిలో వున్న అనుమతి కాగితం ఆ పోరాటం గెలిచి ఇచ్చిందన్నమాట. మేత హక్కు మాత్రం తిరిగి రాలేదు. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. కాగితం మీద హక్కులు వచ్చాయి. ధరాన్సీ దొడ్డిలో మాత్రం నేను చూసినప్పుడు గడ్డి మొలిచివుంది.

గొర్రెలకు మూసిన లోయ టర్బైనుకు మూయలేదు. ఉద్యానం గీత దాటగానే, రేణీ దగ్గరే, రిషిగంగ మీద 13.2 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కట్టారు. దిగువన తపోవన్ దగ్గర 520 మెగావాట్ల ప్రాజెక్టు పని సాగుతున్నది. పేలుళ్ళ వల్ల కొండ అదురుతున్నదని 2019లో రేణీ గ్రామస్థుడొకరు హైకోర్టుకు మొరపెట్టుకున్నారు. 2021 ఫిబ్రవరి 7న రోంతీ శిఖరం నుంచి సుమారు 2 కోట్ల 70 లక్షల ఘనపు మీటర్ల రాయీ మంచూ విరిగిపడి, బురదవరదై లోయను ఊడ్చుకుపోయింది. రిషిగంగ కేంద్రం తుడిచిపెట్టుకుపోయింది. తపోవన్ సొరంగంలో పనివాళ్ళు చిక్కుకున్నారు. 200 మందికి పైగా మరణించారు లేదా గల్లంతయ్యారు. వారిలో అత్యధికులు కూలికి వచ్చిన శ్రామికులు. ఆ చరియ ప్రాజెక్టు వల్లనే విరిగిందని నేను అనను. అంత ఎత్తున మంచూ రాయీ విరిగిపడడానికి వేరే కారణాలున్నాయి. కాని అలాంటి లోయ నోట్లో అన్ని ప్రాణాలను నిలబెట్టిన నిర్ణయం మాత్రం ప్రకృతిది కాదు. అదే ఏడు జులైలో, ఈ ప్రాజెక్టుల మీద రేణీవాసులు మరికొందరితో కలిసి వేసిన వ్యాజ్యాన్ని హైకోర్టు కొట్టివేసి, పిటిషనర్లకు తలా పదివేల రూపాయల జరిమానా విధించింది. చెట్లను కాపాడినందుకు పుస్తకాల కెక్కిన ఊరు, కొండను గురించి ప్రశ్నించినందుకు జరిమానా కట్టవలసి వచ్చింది.

ఈ చరిత్రనుంచి మనం తేల్చుకోవలసిందేమిటి? కొండలకు పోవద్దని నేను అనడం లేదు. పోవాలి. నాలుగు రోజులు తన కాళ్ళ మీద నడిచి, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో తెలుసుకుని, చలిలో అన్నం ఉడికేదాకా ఓపిక పట్టిన విద్యార్థికి శ్రమ అంటే ఏమిటో కొంత అర్థమవుతుంది. మాంచెస్టరు కార్మికులు జైలుకు పోయి సంపాదించిన ఆ ఆనందం సంపన్నుల సొత్తుగా వుండిపోనక్కరలేదు. కాని కొండను మనుషులు లేని స్వచ్ఛ ప్రకృతిగా చూసే కళ్ళద్దాలను ఊరి దగ్గరే వదిలి పోవాలి. కొండను రక్షించడమంటే ప్రజలను వెళ్ళగొట్టడమని ఒకరు, ప్రజల అభివృద్ధి అంటే కొండను తొలవడమని మరొకరు చెప్పే మాటలు చూడబోతే పరస్పర విరుద్ధంగా తోస్తాయి. లాతా, రేణీలలో ఆ రెండింటినీ నడిపిన చేయి ఒకటే. రెండింటిలోనూ నిర్ణయించే అధికారం అక్కడ నివసించేవాడికి లేదు. కొండను కాపాడడానికీ, కొండవాడిని బ్రతికించడానికీ మధ్య వైరుధ్యం సహజమైనది కాదని రేణీ స్త్రీలు 1974లోనే చూపించారు. ఆ పాఠాన్ని మన పాలకులు సగమే చదివారు. మనమైనా పూర్తిగా చదవాలి.

తిరిగివచ్చే రోజున లాతా దగ్గర పడుతుండగా నా సంచిని నేను అడిగి తీసుకున్నాను. దిగుడులో సంచి మోయడం పెద్ద ఘనకార్యం కాదని నాకు తెలుసు. ఊళ్ళో, తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి ఆయన టీ ఇచ్చాడు. లెక్క ప్రకారం కూలి డబ్బు చెల్లించాం. నా నోటుపుస్తకంలో మకాముల పేర్లు, ఎత్తులు, గంటలు అన్నీ రాసివున్నాయి. ఆయన పేరు, ఆయన తండ్రి పేరు అప్పుడు అడిగి రాసుకున్నాను. ఆ పని నేను మొదటి రోజే చేయవలసింది.

ఈసారి కొండకు పోయే విద్యార్థులకు నేను చెప్పే మాట ఒక్కటే. మీ వీపు మోయగలిగినంత మీరే మోయండి. మోయలేనిదాన్ని ఎవరు మోస్తున్నారో, ఆ గడ్డి మీద ఒకప్పుడు వాళ్ళకేమి హక్కు వుండేదో, అది ఏ సంవత్సరాన ఎవరి సంతకంతో పోయిందో మొదటి మజిలీలోనే అడగండి. విన్నదంతా రాసుకుని రండి.